కొమ్ము పిడి ఆరేదాకా

మొన్న వేములవాడలో కన్నతల్లిని, మా అవ్వను, పక్కన కూర్చోబెట్టుకుని నా కూతురికి గాజులు బేరం చేస్తుంటే, దుకాణంలో బొగ్గుల మీద కరుగుతున్న లక్క వాసన తగిలి బేరం మాట మరిచిపోయాను. యాభై దాటినదాన్ని, వాసనకు బెదరడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

మా ఇంట్లో బర్రెకొమ్ము పిడి ఉన్న కత్తి ఒకటి, తోలు ఒరతో సహా ఉండేది. బాపు, అంటే మా నాన్న, జైనూర్ అంగడిలో కొన్నాడు. ఇంట్లో ఎవరు కాన్పైనా అది పసిబిడ్డ దిండు కింద ఉండాల్సిందే, ఇనుముంటే గాలి సోకదని ఆయన తల్లి, మా బాపమ్మ నమ్మకం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వాకిలంతా వేపపూత రాలే ఎండాకాలంలో, తమ్ముడు పుట్టాడు. పెరట్లో పుల్ల మామిడికాయలు, రోట్లో నూరిన ఉప్పూకారం, నోరూరుతూ నేను. దిండు కింది కత్తి మెల్లగా లాగి కాయలు కోసుకుని, దొంగతనం బయటపడకుండా దాన్ని నీళ్ళలో నానేసి, గోడ మీద ఎండకు పెట్టి ఆటలో పడ్డాను. వచ్చి చూస్తే పిడి నెర్రెబారింది.

బాపు దాన్ని బాగుచేయడానికి కూర్చున్నాడు. తుమ్మముల్లుతో నెర్రెలోని జిడ్డు గీకి, దాని కొసన సన్నటి బెజ్జం పెట్టి, "గిట్ల పెడ్తె పగులు ముంగటికి పాకది బిడ్డా," అన్నాడు. ఆకురాయితో రాల్చిన కొమ్ము పొడిని కరిగిన లక్కలో కలిపి, పిడిని సెగకు వెచ్చజేసి, చుక్కచుక్కగా నింపి, నారతో బిగించి ఊకలో పూడ్చాడు. "మూడొద్దులు ముట్టద్దు. తొందరపడితె మల్ల ఇచ్చుకుంటది."

రెండో రోజు పొద్దున, కత్తి ఇంకా ఊకలోనే ఉండగా, తమ్ముడికి ఫిట్స్ వచ్చాయి. దవాఖానకు ఎత్తుకుపోతుంటే దారిలోనే పోయాడు.

చదువుకున్నాను, అది జబ్బేనని తెలుసు. అయినా వాడు నన్ను వదల్లేదు. ఎక్కడ ఉయ్యాల కిర్రుమన్నా, వాడుంటే ఇప్పుడెన్నేళ్ళని లెక్క వేసుకుంటాను.

ఆ లక్క వాసనలో, మొదటిసారి, అవ్వకు మామిడికాయల సంగతంతా చెప్పేశాను. ఆమె నా వైపు తిరిగి కూర్చుంది.

"ఇన్నొద్దులు గిదా నీ ఫికర్? కత్తి లేకుంటేంది, బాపమ్మ కొడవలి పెట్టింది దిండు కింద. పసి పానం, కోసుకుంటదేమోనని నేనే తీసి చూర్ల చెక్కిన. మీ బాపుకు సుత చెప్పలే."

ముందు కోపం వచ్చింది. ఈ ఒక్క మాట అప్పుడే అనుంటే నా బాల్యం నాకు మిగిలేది కదా! మరి నేను మాత్రం ఆమెకెప్పుడు చెప్పాను? ఇప్పుడు పిడి పగిలితే కత్తినే పారేసి ప్లాస్టిక్ పిడిది తెచ్చుకుంటాం. బాపు లేడు, బాపమ్మ లేదు, ఆ చూరూ లేదు. వాణ్ని తలుచుకునేందుకు మేమిద్దరమే మిగిలాం.

"పురుడు చేసినప్పుడు పెడ్దామని ఒక పేరు అనుకుంటిమి," అంది అవ్వ. "మీ బాపుకూ నాకే ఎర్క."

వంగి నా చెవిలో చెప్పింది. యాభై దాటాక నా తమ్ముడి పేరు మొదటిసారి విన్నాను.