తేదీ లేని గొట్టాలు

ఆసుపత్రిలో ఆమెను అందరూ గొట్టాల సిస్టర్ అంటారు. మూత్రం రాక విలవిల్లాడేవాళ్లకు గొట్టం వేయడం, మార్చడం, తీయడం ఆమె పని. పదకొండేళ్లు మామూలు వార్డుల్లో చేసి, ఏడాది ప్రత్యేక శిక్షణ పొంది మూత్ర వ్యాధుల విభాగంలో చేరింది. ఇంట్లో తోడికోడలు ఆమె తువ్వాలును విడిగా ఒక మేకుకు తగిలించేది. "ఏమీ అనుకోకు, పిల్లలున్న ఇల్లు కదా," అనేది. భర్త అన్నీ వింటూనే పేపర్లోంచి తలెత్తేవాడు కాదు. దానికీ ఆమె అలవాటు పడిపోయింది. ఉచ్చను చూసి ఏనాడూ ముక్కు మూసుకోని మనిషికి ఒక మంగళవారం పొద్దున ఎముకల వార్డులో ముక్కు మూసుకోవాల్సి వచ్చింది.

తుంటి విరిగి ఆపరేషనైన ఒక దర్జీ పెద్దాయనకు జ్వరం తగ్గడం లేదని ఆమెను పిలిపించారు. దుప్పటి ఎత్తగానే కుళ్లు వాసన గుప్పుమంది. సంచిలో మూత్రం సున్నపు నీళ్లలా ఉంది. గొట్టం మీద, వేసిన తేదీ రాసి లేదు. కేస్ షీటు తిరగేస్తే ఆపరేషన్ నాడు వేసిందేనని తేలింది. రెండు మూడు రోజుల్లో తీసేయాల్సిన రబ్బరు గొట్టం, నలభై ఒక్క రోజులుగా ఆయన ఒంట్లో ఉంది.

"ఇదేంటక్కా, ఇంకా ఎందుకుంచారు?" అని వార్డు హెడ్ నర్సును అడిగింది.

"తీస్తే పక్క తడుపుతాడమ్మా. రోజుకి నాలుగుసార్లు దుప్పట్లు ఎవరు మారుస్తారు, నువ్వా?"

పెద్దాయన గోడవైపు తిరిగి, "నా వల్ల వాళ్లకి చాకిరీ ఎక్కువవుతుందన్నారు తల్లీ. అందుకే నేనూ నోరెత్తలేదు," అన్నాడు.

డాక్టరును పిలిపించి, ఆయన ఎదుటే గొట్టం తీసింది. కొనంతా గట్టిగా పెచ్చు కట్టి, నెత్తురుతో బయటికొచ్చింది. పెద్దాయన దిండు కొరికాడే గాని అరవలేదు. మధ్యాహ్నానికి తనంతట తానే సీసాలో పోసి, "కొలుచుకోండమ్మా, కొలతల్లో మనకి తేడా రాదు," అన్నాడు.

ఆమెకు నవ్వు రాలేదు. మిగతా మంచాలన్నీ చూసింది. పద్నాలుగు మందికి గొట్టాలుంటే తొమ్మిదింటికి తేదీ లేదు. చేతులు కడుక్కుంటుంటే వాళ్ల మీదే కాదు, తన మీద తనకే రోత పుట్టింది. ఒకప్పుడు ఇదే వార్డులో రెండేళ్లు సంచులు ఖాళీ చేసి, గొట్టం ఎందుకుందో అడక్కుండా వెళ్లిపోయిన మనిషే తనూ.

ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు ఫిర్యాదు రాసింది. జవాబుగా ఆమెకే మెమో వచ్చింది: పరాయి వార్డు రోగులను అనుమతి లేకుండా ఎందుకు చూశారో సంజాయిషీ ఇవ్వాలట.

మూత్ర వ్యాధుల నర్సుల సంఘంలో ఆమెకు సభ్యత్వం ఉంది. ఏడాదికో సభకు వెళ్లి రావడం తప్ప దానితో పని పడలేదు. ఆ రోజు ఫోన్ చేసింది. రిటైరైన ఒక నర్సు ఎత్తింది. సంఘంలో ఆమెను పెద్దక్క అంటారు.

"ఏడవడం అయిందా? అయితే కాగితం తీసుకో. మంచం నంబరు, గొట్టం వేసిన రోజు, వేసిన కారణం. ఈ మూడే రాయి."

సంజాయిషీని పెద్దక్క రెండుసార్లు దిద్దింది. "'సిగ్గుచేటు' అన్న మాట కొట్టెయ్. వాళ్లు దాన్నే పట్టుకుని వేలాడి మిగతాదంతా వదిలేస్తారు." గొట్టం ఎన్నాళ్లుంచాలో చెప్పే నియమావళి పంపింది. తమ వార్డుల్లో రోజూ ఎలా సరిచూస్తారో వేరే ఆసుపత్రుల్లోని ముగ్గురు సభ్యుల చేత రాయించింది. విచారణ రోజున తానే వచ్చి పక్కన కూర్చుంది.

సూపరింటెండెంట్ బిస్కెట్టు టీలో ముంచుకుంటూ మొహం చిట్లించాడు. "టీ తాగేటప్పుడు ఈ ఉచ్చ గోలేంటమ్మా?"

"తాగండి సార్, మేం ఆగుతాం," అంది పెద్దక్క. "ఆ పెద్దాయన నలభై ఒక్క రోజులు ఆగాడుగా."

ఆయన కప్పు పక్కన పెట్టి, "ముసలాళ్లకి ఎలాగూ ఏదో ఒక ఇన్ఫెక్షన్ వస్తూనే ఉంటుంది," అన్నాడు. గొట్టాల సిస్టర్‌కు ఒళ్లు మండింది. పెద్దక్క బల్ల కింద ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. సిస్టర్ కోపం దిగమింగి, తొమ్మిది మంచాల లెక్కా ఒక్కొక్కటిగా చదివింది.

మెమో వెనక్కి తీసుకున్నారు. క్షమించమన్నవాడు మాత్రం లేడు. ప్రతి మంచానికీ రోజువారీ పట్టిక పెట్టారు. సంఘం వాళ్లు వచ్చి వార్డు నర్సులకు రెండు పూటలు శిక్షణ ఇచ్చారు. నెల తిరిగేసరికి పద్నాలుగు గొట్టాలు ఐదయ్యాయి. దుప్పట్లు మార్చే పని పెరిగిందని నర్సులు ఆమెకు వినపడేలా తిట్టుకున్నారు. ఆ తిట్టులో న్యాయముందని, వార్డుకు ఇంకో ఇద్దరు ఆయాలు కావాలని ఆమె రాసింది. ఆ కాగితానికి ఇంతవరకు జవాబు లేదు. హెడ్ నర్సు ఆమెతో మాట్లాడటం మానేసింది.

దర్జీ పెద్దాయన జ్వరం తగ్గి, కర్ర పట్టుకుని ఇంటికి వెళ్లాడు. సాయం కోరి నర్సులు చేసే ఫోన్లను గురువారం మధ్యాహ్నాలు ఎత్తే పని సంఘం ఆమెకు అప్పగించింది. ఏ ఊరి నుంచి చేసినా కథ మాత్రం ఒక్కటే.

తనిఖీకి వచ్చిన పెద్దలకు సూపరింటెండెంట్ ఆ పట్టికను తన సొంత ఆలోచనగా చూపించి, దాన్ని పట్టుకుని ఫోటో దిగాడు. ఆ ఫోటోకు అద్దం కట్టించి కింది వరండాలో తగిలించారు. దాన్ని చూడబుద్ధి కాక ఆమె అటుగా వెళ్లదు. వెనక మెట్లెక్కి వార్డుకు పోతుంది.