రెండు సరాసరులు

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లోకి ఇప్పుడు చెప్పులతోనే వెళ్లవచ్చు. యంత్రాలకు దుమ్ము తగులుతుందని బయటే విడవమనే రోజులు పోయాయి. అయినా నిన్న అలవాటుగా విడిచేశాను. ఏసీకి చల్లబడిన గచ్చు అరికాళ్లకు తగలగానే పాత గుబులు తిరిగొచ్చింది. కమలమ్మగారు గుర్తొచ్చారు.

మద్రాసు అప్పుడప్పుడే చెన్నై అవుతున్న రోజులు. గుంటూరు నుంచి వచ్చి, పురసవాక్కంలోని ఈ కాలేజీలోనే బీకాం పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. తాత్కాలిక ఉద్యోగం. ప్రిన్సిపాల్ నా క్లాసు చూసి మెచ్చితేనే ఖాయం, లేదంటే పెట్టె సర్దుకోవడమే. ఆ ఆలోచనతో అన్నం సహించేది కాదు. మా హెడ్ కమలమ్మగారిది తరతరాలుగా మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబం. నేను గాబరా పడేకొద్దీ ఆవిడ నిదానం పెరిగేది, దాంతో నాకు ఒళ్లు మండేది. క్లాసులో ఏం చూపించమంటారని అడిగితే, "సౌకార్‌పేట అంగళ్లలో గంటకి ఎంతమంది వస్తారో సరాసరి కనుక్కోమని పిల్లకాయలకి చెప్పు. దాన్నే కంప్యూటర్లో ఏసి చూపీ" అన్నారు.

మా వైపు మాటల్లో సరాసరి అంటే నేరుగా; లెక్కల్లోదాన్ని సగటనే అనేవాళ్లం. అందుకే పిల్లల్ని నేరుగా అంగళ్లకు పంపాను. పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా గుమ్మాల దగ్గర నిలబడి, గంటగంటకూ వచ్చినవాళ్లను లెక్కపెట్టుకొచ్చారు.

క్లాసు రోజు ఉదయం ల్యాబ్‌లో ఆవిడ "సరాసరి ఎంత వచ్చిందమ్మా?" అని అడిగారు. ఇక్కడి తమిళంలో ఆ మాటకు సగటు అని అర్థమని, ఆవిడ తెలుగులోకీ అదే వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ కోరింది అంగడికొక అంకె. నా దగ్గరున్నది అంకెల కుప్ప. ప్రిన్సిపాల్ వచ్చే వేళయింది. నా పని అయిపోయిందన్నాను. ఆవిడ తెర మీది అంకెలన్నీ ఓపిగ్గా చూశారు. "ఒకటీ తీయబాక. ఉండేది ఉండేట్టే చూపీ" అన్నారు.

అలాగే చూపించాను. మధ్యాహ్నం అంగళ్లు వెలవెలబోయాయి, సాయంత్రం కిక్కిరిసిపోయాయి. ప్రిన్సిపాల్‌గారు విసుగ్గా సగటెంత అని అడిగారు. ఒక అమ్మాయి లెక్కకట్టి చెప్పింది. మళ్లీ తెర వంక చూసి, కానీ అంతమంది ఏ గంటలోనూ రాలేదే అని తనలో తాను గొణుక్కుంది. ఆయన లేచి వెళ్లిపోయారు. ఇక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను.

కమలమ్మగారు తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ నా భుజం పట్టుకున్నారు. "ముందు నీ సరాసరి, ఆపైన మా సరాసరి. ఈ వరస మార్చబాకమ్మా. ఇన్నేళ్లూ నేనే తలకిందులుగా చెప్తా ఉండాను."

ఆ అమ్మాయి గొణిగిన మాటే ప్రిన్సిపాల్‌గారికి నచ్చిందట, ఉద్యోగం ఖాయమైంది. గుబులు మాత్రం పోలేదు. ఇప్పటి పిల్లలు మీట నొక్కితే చాలు, సగటూ గ్రాఫూ క్షణంలో వచ్చేస్తాయి. అంత తేలిగ్గా వచ్చిన అంకెను చూస్తే నాకు భయం. నిన్న ఒక అబ్బాయి పక్క వీధి బట్టల కొట్టుకు వచ్చేవాళ్ల లెక్కతో ముచ్చటైన గ్రాఫు గీసి చూపించాడు. ఆ కొట్టుకు వెళ్లావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. నేను తలుపు దగ్గరికి నడిచి, చెప్పులు వేసుకుని, "సరాసరి వెళ్దాం పద" అన్నాను.