మావయ్య కంచం

తుఫానుకు ముందు వేటకు వెళ్లిన పడవ మళ్లీ ఒడ్డు చేరలేదు. నాంచారయ్య రాలేదు, శవమూ దొరకలేదు. నాగాయలంక అవతల సముద్రపొడ్డున ఉన్న ఆ ఊళ్లో, శవం కళ్లబడేదాకా ఆడదాని బొట్టు జోలికి ఎవరూ పోరు. అతని భార్య వీరలక్ష్మి ఆనాటి నుంచీ పూటపూటా రెండు కంచాలు పెడుతోంది. ఊరు ఊరంతా ఊరుకుంది.

ఊరుకోనిది కాలేజీల నుంచి సర్వేలకని వచ్చే బయటివాళ్లే. ఎకనామిక్స్ వాళ్లొచ్చి సంపాదించేది ఎవరని అడిగి, మగదిక్కు లేదని రాసుకుపోయారు. సోషియాలజీ వాళ్లు వితంతువులతో కలిపి కూర్చోబెట్టబోయారు. సైకాలజీ చదివినాయన ఒకడు, నిజం ఒప్పుకుంటే నిద్ర పడుతుందమ్మా అని మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనానికే ఆవిడకు ఒళ్లు మండి, గంప నెత్తినెత్తుకుని బయటికి నడిచింది.

వాళ్ల తర్వాత వచ్చిన సాయిదుర్గ అలా కాదు. తనది ఆంత్రోపాలజీ అంది. వీరలక్ష్మికి ఆ పేరు నోరు తిరగలేదు. ఆ పిల్ల ఇంట్లోనే మకాం పెట్టి, చేపలు ఎండబెట్టి, వానొస్తే గంపలు చూరు కిందికి లాగింది. రెండో కంచం ఎవరికని అడగనైనా లేదు.

"మావయ్యకి తలకాయ ముక్క వెయ్యత్తా," అంది.

వీరలక్ష్మి దాన్ని కావలించుకుని ఏడ్చింది. తన మాట నమ్మిన మనిషి ఇన్నాళ్లకు దొరికిందనుకుంది, పిచ్చితల్లి.

ఏడాది తిరిగాక గుడివాడలో ఒక కాలేజీ మీటింగుకు సాయిదుర్గే వచ్చి బస్సులో తీసుకెళ్లింది. ముందు వరసలో కూర్చోబెట్టి, తను మైకు అందుకుంది.

"ఎకనామిక్స్ ఈ ఇంటి రాబడి చూస్తుంది. సోషియాలజీ ఇలాంటి ఇళ్లన్నీ కలిపి చూస్తుంది. సైకాలజీ ఆవిడ మనసులోకి తొంగిచూస్తుంది. మనం ఆ ఇంట్లో ఉంటాం. ఉంటేనే తెలుస్తుంది, చనిపోయిన భర్తకి ఆవిడ రోజూ అన్నం ఎందుకు పెడుతోందో."

హాలంతా చప్పట్లు. వీరలక్ష్మి చేతులు ఒళ్లోంచి లేవలేదు. మిగతావాళ్లు ఆ మాటే అన్నా గుమ్మం బయట నిలబడి అన్నారు. ఇది తన చేతి అన్నం తిన్న పిల్ల. ముక్క వెయ్యమన్న రోజు కూడా దాని మనసులో ఆయన పోయినవాడే.

"బాగా చెప్పానా అత్తా?"

"బాగానే చెప్పావమ్మా."

ఇంటికొచ్చి అన్నం వార్చింది. అలవాటుగా రెండు కంచాలూ కడిగింది. రెండోది చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడ పెట్టాలో తోచక నేలమీద బోర్లించి, గొల్లుమంది. పక్కింటి అనసూయ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది వదినా?"

"మీ అన్నయ్య పోయాడే."