నేను నింపిన సీసా

కొబ్బరినూనె నేను ఇప్పటికీ తలకు పెట్టుకోను.

నాయన మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. రాతిదుమ్ము రొమ్ములో చేరి మంచాన పడ్డాడు. పాస్టరయ్య ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనెను అమ్మ రోజూ ఆయన రొమ్ముకు రాసేది. "ఆసుపత్రికి పోదామే" అని నాయన అంటే, "దేవుడు మాటిచ్చినాడు. క్రిస్మస్‌కు లేచి నడుస్తావు" అనేది.

ఒకరోజు సీసా నా చేతిలోంచి జారి నూనె ఒలికిపోయింది. భయపడి, ఎవరికీ చెప్పకుండా తలకు పెట్టుకునే మామూలు నూనె పోసి నింపాను. క్రిస్మస్ రాకముందే నాయన పోయాడు. నావల్లేనని ఎన్నో ఏళ్లు ఏడ్చాను. దుమ్మువల్లనని పెద్దయ్యాక తెలిసింది.

మొన్న సమాధుల పండగనాడు అమ్మకు ఆ సీసా సంగతి చెప్పాను. నాయన సమాధి మీద కొవ్వొత్తి వెలిగిస్తున్న అమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"అట్లనా పాపా. అయితే దేవుడు మాట తప్పలేదు."