చైనా నిరాశకు తెలుగు పూరణ

ఆధునిక చైనా కవిత్వం గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. ఆఫీసులో నా పక్క సీట్లో చైనా ఆవిడ కూర్చుంటుంది. దోహాలో మా తెలుగు సంఘం అధ్యక్షుడికి ఆ అర్హత సరిపోయింది. "ఈ శుక్రవారం ప్రపంచ కవిత్వం పెట్టామమ్మా, చైనా మీ వంతండి," అని ఫోన్లో తేల్చేశారు. జపాన్ కారు నడిపే సభ్యులకు జపాన్ కవిత్వం ఇచ్చారేమో నేను అడగలేదు. "కాస్త ఆశాజనకంగా ఉండేట్టు చూడండి. మీ తర్వాత బిర్యానీయే," అని కూడా హెచ్చరించారు.

మా సంఘం పద్ధతే అంత. వారమంతా సైట్లలో, వంటిళ్ళలో, క్యాంపుల్లో కడుపులో పెట్టుకున్న దిగుళ్ళన్నీ బయట చెప్పులతో పాటు విడిచి, శుక్రవారం సాయంత్రం ఇస్త్రీ బట్టలతో వచ్చి కూర్చోవాలి. వేదిక మీద ఎవరో ఒకరు రేపు సూర్యుడు ఉదయిస్తాడని చెప్పాలి. ఖతార్‌లో సూర్యుడు ఉదయించడం గురించి ఎవరికీ అనుమానం లేదు, అయినా చప్పట్లు మోగుతాయి. దిగులు కవిత చదివితే మాత్రం ముందు వరుసలో ఫోన్లు వెలుగుతాయి.

నా పక్క సీటావిడ కాంక్రీటు కొలతలు చూస్తుంది, నేను డ్రాయింగుల ఫైళ్ళు చూస్తాను. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు తన భాషలోని కవిత్వం గురించి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేది. వాళ్ళలోనూ రెండు గొంతులున్నాయట. ఒకరు అంతా అయిపోయిందని రాస్తే, ఇంకొకరు కాదు పొమ్మని కవితలోనే జవాబిస్తారట. ఇద్దరూ పడ్డ కష్టం ఒకటే, కాలం ఒకటే. ఆశ రాసినవాళ్ళవి పెళ్ళి శుభలేఖల మీదా, ఆఫీసు గోడల మీదా ఎక్కుతాయి. నిరాశ రాసినవాళ్ళవి ఫోన్లో దాచుకుని ఒంటరిగా చదువుకుంటారు. "నువ్వు ఏ పార్టీ?" అని అడిగితే నవ్వి, తన ఫోన్ నా చేతిలో పెట్టింది. అందులో ఆమె సొంతంగా రాసుకున్న కవిత, దాని కింద ఇంగ్లీషులో అర్థం ఉన్నాయి.

కొడుకును అత్తగారి దగ్గర వదిలి వచ్చింది ఆమె. సెలవుకు వెళ్ళినప్పుడు విమానాశ్రయంలో ఆ పిల్లాడు నానమ్మ వెనక దాక్కుని, "ఆంటీ వచ్చింది" అన్నాడు. కవిత అంతే. ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. వాడు తర్వాత దగ్గరకొచ్చాడనీ, ముద్దు పెట్టాడనీ ఏమీ లేదు.

నేను ఆ కవితను తీసుకోవడానికి కారణం చైనా మీద ప్రేమ కాదు. మా ఆయనా నేనూ ఇద్దరం షిఫ్టుల్లో తిరిగేవాళ్ళం కాబట్టి, పాపను అమలాపురంలో మా అమ్మ దగ్గర ఉంచాం. పాప మా అమ్మను అమ్మ అంటుంది. నన్ను ఫోనమ్మ అంటుంది. బంధువులందరికీ ఆ పిలుపు భలే ముద్దు. నాకు మాత్రం విన్న ప్రతిసారీ ఎక్కడో తెగినట్టుంటుంది. ఆ సంగతి నా పేరు మీద చెప్పుకోవడానికి అభిమానం అడ్డొచ్చింది. చైనా పేరు మీదైతే హాయిగా చెప్పొచ్చు.

సభలో చదువుతానంటే ఆమె ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది. "నన్ను ఎవరూ ఓదార్చకూడదు. మా ఇంట్లో అందరూ అదే పని. ఒక్కసారి ఒక గది నిండా మనుషులు ఊరికే వింటే చాలు, సిస్టర్." నేను మాటిచ్చాను. మా వాళ్ళ సంగతి తెలిసీ ఇచ్చాను చూడండి, అదీ నా ధైర్యం.

శుక్రవారం మెసైమీర్‌ చర్చిలో ప్రార్థన ముగించుకుని, ఆమెను వెంటబెట్టుకుని హాలుకు వెళ్ళాను. కవితను తెలుగు చేసి చదివాను. చివరి మాట తర్వాత కూడా ముందు వరుసలో ఫోన్లు వెలగలేదు. వెనక వరుసల్లో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా మాట దక్కిందనుకున్నాను.

అప్పుడు పద్యాల పెద్దాయన లేచాడు. కడప జిల్లా ఆయన, పగలు ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. ఎవరేం చదివినా దాన్ని పద్యంలో పెట్టందే ఆయనకు అన్నం సహించదు.

"శానా బాగుండాది అమ్మాయ్. ఆ చివరి మాట సమస్యే కదా! నేను పూరిస్తా, వినండి," అన్నాడు.

సమస్య అంటే మన అవధానాల్లో ఇచ్చేదే. వినగానే తప్పనిపించే పాదం ఒకటి ఇస్తారు, కవి మిగతా పాదాలు కట్టి ఆ తప్పును ఒప్పు చేయాలి. ఒక తల్లి దుఃఖం ఆయన చెవికి పరీక్ష పేపరులా వినపడింది. నిలబడ్డ చోటనే దాన్ని తేటగీతిలోకి దించేశాడు.

"కన్నతల్లి నాంటీ యని యెన్నె బిడ్డ!"

గణాలూ కుదిరాయి, యతీ కుదిరింది, నాకు ఒళ్ళు మండింది. పూరణలో ఆ బిడ్డ శ్రీకృష్ణుడట. యశోద ఒడిలో పెరిగినవాడు కాబట్టి, మథుర చెరసాలలో దేవకిని చూడగానే ఆంటీ అన్నాడట. అన్న నోటితోనే సంకెళ్ళు తెంచి అమ్మా అని పిలిచాడట. హాలంతా ఆహా అంది. ఎవరో వన్స్ మోర్ అన్నారు. అది కవితండీ, సమస్య కాదండీ అందామని లేచాను. లేచిన నా భుజాల మీద అధ్యక్షుడు శాలువా కప్పేశారు. దోహా ఎండల్లో మేం ఒకరికొకరం ఇచ్చుకునే గౌరవం ఎప్పుడూ ఉన్నిదే.

బిర్యానీ దగ్గర ఆమె అడిగింది. "అంత చప్పట్లు ఎందుకు? ఏమన్నాడాయన?"

"నీ కొడుకు దేవుడన్నాడు. నువ్వు దేవుణ్ణి కన్నదానివి అన్నాడు."

"ఓదార్చాడన్నమాట," అని మొహం చిన్నబుచ్చుకుంది. చెంచాతో బిర్యానీ కలుపుతూ, "ఆ దేవుడు కన్నతల్లి దగ్గరకు తిరిగొచ్చాడా?" అంది.

"వచ్చాడు."

"ఎప్పుడు?"

"పెద్దయ్యాక."

"మరి చిన్నతనం?"

"అదంతా పెంచినావిడ చూసింది."

ఆమె చెంచా పక్కన పెట్టింది. "అయితే ఆయన నన్ను ఓదార్చలేదు. నా కవితనే మళ్ళీ చదివాడు. ఆ సంగతి ఆయనకు తెలుసా?"

పెద్దాయన వైపు చూశాను. అభిమానుల మధ్య నిలబడి చికెన్ ముక్క చేత్తో పట్టుకుని యతి స్థానం వివరిస్తున్నాడు. "తెలియదు," అన్నాను.

అంతలో అమలాపురం నుంచి వీడియో కాల్ వచ్చింది. శాలువా చూసి పాప పకపకా నవ్వింది. ముందు పన్ను లేదు.

"ఎప్పుడూడిందే?"

"మొన్ననే, ఫోనమ్మా! అమ్మా నేనూ ఇంటి మీదకి ఇసిరేసేం కూడాను. నీకు చెప్పడం మర్చిపోయాం."

చెప్పేసి ఆటకు పరుగెత్తింది. ఫోన్లో మా ఇంటి గోడ మాత్రం కనిపిస్తోంది.

"ఏమంటోంది?" అని ఆమె అడిగింది. ఒక్క మాట కూడా కలపకుండా, తీసేయకుండా చెప్పాను. ఆమె చివరిదాకా ఊరికే వింది. నన్ను ఓదార్చలేదు.