తెగులు రాకముందు ఇచ్చే మందు

సత్తెనపల్లి అవతల ఎకరన్నర కౌలుకు తీసుకుని మిరప వేసే నజ్మీన్, పురుగుమందుల కొట్టువాళ్ల మాట అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. భర్త పోయాక సేద్యం ఒక్కతే చేస్తోంది. ఈ ఏడు మాత్రం పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన శాంతి మేడం మాట విని, నారు వేళ్లను పుల్లటి వాసన వేసే ఒక ద్రవంలో ముంచి నాటింది. మట్టిలోని బాక్టీరియా నుంచి తీసిన పదార్థం అది. తెగులును చంపదు. శత్రువు వచ్చాడనుకుని మొక్కే ముందుగా కాపలాకు లేస్తుందని, నాటేటప్పుడు ఇస్తేనే ఫలితమని మేడం గట్టిగా చెప్పింది.

దసరా దాటాక, ఎగువనున్న బాపయ్య చేలో మొక్కలు మధ్యాహ్నం పూట తలలు వాల్చడం మొదలైంది. ఎండు తెగులు. అక్కడ సాళ్లకు సాళ్లే నిలువునా ఎండిపోతుంటే, గట్టుకు ఇవతల నజ్మీన్ చేను నల్లగా నిగనిగలాడుతూ నిలబడింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఆ చూపులకే ఆమెకు గుబులు పుట్టేది.

ఒక పొద్దున బాపయ్య ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చాడు.

"బాబాయ్, తెగులు తగిలాక ఈ మందు పోసినా లాభం లేదు," అంది నజ్మీన్.

"ఇవ్వనని చెప్పు, సరిపోద్ది," అన్నాడాయన.

మిగిలిందంతా ఇచ్చేసింది. పోశాక కూడా ఆయన చేను ఎండుతూనే పోయింది. నజ్మీన్ మందు బదులు కడుగునీళ్లు పోసిచ్చిందని టీకొట్టు దగ్గర అన్నాడట. కూలికి వచ్చే ఆడవాళ్లు ఒక్కొక్కరే మానేశారు.

తర్వాత తుఫాను పట్టింది. పై చేలో నీళ్లు ఆమె చేను మీదుగానే కాలవలోకి పోవాలి. ఆ నీళ్లతోనే తెగులూ దిగుతుందని ఆమెకు తెలుసు. గట్టుకున్న గండి పూడ్చడానికి పార తీసుకుని వెళ్లింది. అవతల బాపయ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. గండి పూడిస్తే ఆయన చేలో బతికున్న కాసిని మొక్కలూ కుళ్లిపోతాయి.

"పూడ్చుకో. నీ చేను నీది," అన్నాడు ఆమె మొహం చూడకుండా.

ఆమె పార భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది. బురదనీళ్లు ఎండుటాకుల్ని మోసుకుంటూ సాళ్లలోకి పరుచుకున్నాయి.

ముసురు విడిచాక శాంతి మేడం వచ్చి చూసింది. మొక్కకు బలం ఉంది గానీ, ఇంత తెగులును ఎంతకాలం ఆపుతుందో చెప్పలేనంది. గండి పక్క సాళ్లు కొద్ది రోజుల్లోనే పోయాయి. మిగతా చేను నిలిచి కాసింది. బాపయ్య తన చేను దున్నించేశాడు. మొదటి కోత నజ్మీన్ ఒక్కతే కోసుకుంది.

రెండో కోతకు ముందు, చేను నడుమ ఒక మొక్క వాలినట్టనిపించి పీకి, కాండాన్ని గోటితో చీల్చింది. లోపల గోధుమరంగు చార, ఎండు తెగులు గుర్తు. చుట్టూ ఉన్నవి ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆమె పక్క మొక్కనూ పీకి చూడ్డానికి దాని మొదలు పట్టుకుంది.