మా అత్త ఉమ్మి పనికిరాదన్నారు

మా ఇంటి పెద్దమనిషి ఉమ్మిని పనికిరాదన్న మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

వజ్రపుకొత్తూరు మండలంలో మాలాంటి ఊళ్లకు రక్తం తీసుకునేవాళ్లు కొత్త కాదు. ఇక్కడ ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేలుస్తామని ఎవరెవరో వచ్చారు. గొట్టాల్లో రక్తం పట్టుకున్నారు, సీసాల్లో బావి నీళ్లు పట్టుకున్నారు, తోటల్లో మట్టి కూడా మూటగట్టుకుపోయారు. ఫలితం చెప్పడానికి తిరిగొచ్చినవాళ్లు తక్కువ. మా మావ కిడ్నీ జబ్బుతోనే పోయారు. డయాలసిస్ చేయించుకుని పలాస నుంచి వచ్చిన ప్రతిసారీ ఆయన చెయ్యి సూది గుచ్చిన చోట ఉబ్బి ఉండేది. పక్కన కూర్చుని ఆ చేతినే చూస్తూ ఉండేది మా అత్త. ఆయన పోయాక తన ఒంట్లో సూది దిగడానికి వీల్లేదని చెప్పేసింది.

ఆమె ఇప్పటికీ జీడితోటలో పని చేస్తుంది. అప్పట్లో మోకాళ్ల నొప్పికి మందుల షాపువాడు ఇచ్చిన మాత్రలు మింగేది. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. మావకు కూడా అలాగే మొదలైంది. నేను రక్తపరీక్ష మాట ఎత్తితే చాలు, లేచి దొడ్లోకి వెళ్లిపోయేది.

అందుకే ఉమ్మిని బట్టి కిడ్నీ జబ్బును ముందుగా పసిగట్టే పరీక్ష చేస్తున్నారని తెలియగానే ఆమెను ఊరి సచివాలయానికి తీసుకెళ్లాను. సూది లేదంటేనే వచ్చింది. దారిలో చుట్ట ముగించింది. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్లలో అడ్డపొగ తాగేవాళ్లు చాలామంది ఉన్నారు. చుట్ట నిప్పంటించిన కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు, పనికి చేతులు ఖాళీగా ఉంటాయి. మా అత్త జీడిపిక్కలు ఏరేది అలాగే.

వరండాలో ఒకతను టాబ్ పట్టుకుని కూర్చున్నాడు. మగవాళ్లు వచ్చినప్పుడు పొగ తాగుతారా అని అడుగుతున్నాడు. ఆడవాళ్లు వచ్చేసరికి ఆ ప్రశ్న అడగకుండా తనే ‘లేదు’ అని నొక్కేస్తున్నాడు. పక్కనే నిలబడి చూశాను.

“మా అత్త సుట్ట తాగుతాది బాబూ, రాసుకో” అన్నాను.

అతను నవ్వాడు. “అత్తాకోడళ్ల తగువులు మాకెందుకమ్మా, ఇంటికెళ్లి తేల్చుకోండి” అన్నాడు.

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా అత్త కూడా నవ్వింది. పెద్దావిడ పరువు తీయాలని చూసిన కోడల్ని నేనయ్యాను. మళ్లీ చెప్పబోతే నన్ను పక్కకు జరగమని, ఆమె నోటికి గొట్టం అందించాడు. ఆమె అందులో ఉమ్మింది.

కొన్నాళ్లకు ఫలితాలు వచ్చాయి. కొందరికి భయం లేదన్నారు, కొందరిని టెక్కలి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోమన్నారు. మా అత్త వంతు వచ్చేసరికి, ఈమె నమూనా పనికిరాదు అన్నారు. మా వీధిలో ఇంకొందరు ముసలమ్మలకూ అదే మాట. మళ్లీ తీసుకోండి అంటే, రెండోసారి తీసుకోవడం లేదన్నారు. జనం ముందు ఉమ్మి పనికిరాదనిపించుకుని ఆమె చుట్ట కూడా వెలిగించకుండా ఇంటికి నడిచింది.

ఎందుకొచ్చిన గొడవ, ఒగ్గీయమన్నాడు మా ఆయన. ఒగ్గలేదు. ఆటో ఎక్కి పలాసలో ఆ పరీక్షవాళ్ల ఆఫీసుకు వెళ్లాను. మా చేతిలో లేదు, టెక్కలిలో అడగమన్నారు. టెక్కలిలో, కంప్యూటర్ చెప్పింది మేం మార్చలేమన్నారు. కంప్యూటర్‌కి చెప్పినవాళ్లెవరో వాళ్లతోనే మాట్లాడించమని బల్ల ముందు కూర్చున్నాను. భోజనాల వేళ దాటినా లేవలేదు. చివరికి విసుగెత్తి విశాఖపట్నంలో ఉన్న ఒకమ్మాయికి ఫోన్ కలిపి నా చేతికిచ్చారు.

ఆ అమ్మాయి చదివింది బయోఇన్ఫర్మేటిక్స్ అట. మర్యాదగానే చెప్పింది. ఉమ్మిలో ఉండే సూక్ష్మజీవులనూ, రకరకాల పదార్థాలనూ యంత్రం చదువుతుంది. ఆ లెక్కలను, కిడ్నీలు బాగున్నవాళ్ల ఉమ్మితోనూ, చెడినవాళ్ల ఉమ్మితోనూ కంప్యూటర్ పోల్చి చూస్తుంది. జబ్బు ఉందని తేల్చదు, ఎవరికి ముందు రక్తపరీక్ష చేయాలో చెబుతుంది. మా అత్తది ఆ రెంటిలో దేనికీ దగ్గరగా లేదు. అంత దూరంగా ఉన్నవాటిని కలుషితమైనవిగా లెక్కగట్టి పక్కన పెట్టేయమని ప్రోగ్రాంలోనే ఉందట.

మా అత్త నోట్లో నిప్పు పెట్టుకుని చుట్ట తాగుతుందని చెప్పాను. అవతల కీబోర్డు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. పక్కన పెట్టినవి ఎక్కువగా మీ తీరం ఆడవాళ్లవేనండీ, గొట్టాల్లో ఏదో కలిసిందనుకున్నాం అంది. ఆ తర్వాత ఇంకో మాట కూడా అంది.

“ఈ విషయం మీరు అప్పుడే చెప్పాల్సింది కదండీ.”

“సెప్పినానమ్మా. మీవోడు నవ్వినాడు.”

జబ్బు మా ఊళ్లది. పరీక్ష మా కోసం. పోల్చి చూడటానికి పెట్టుకున్న ఉమ్మి మాత్రం ఇంకెక్కడివాళ్లదో. మాది దానితో కలవకపోతే చెడిపోయింది మాదట. ఈ మాట ఫోన్లోనే అన్నాను. ఆ అమ్మాయి కాదనలేదు. అడ్డపొగ తాగే ఆడవాళ్లను వేరుగా పోల్చాలి, అందుకు వాళ్లలో ఎవరి కిడ్నీలు ఎలా ఉన్నాయో ముందు తెలియాలి, అది తెలియాలంటే రక్తం కావాలి అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రక్తం ఇచ్చే మనిషైతే ఉమ్మి కోసం ఇంత తిరగడమెందుకు?

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మా అత్త చుట్ట నోట్లోంచి తీసి నిప్పు చూసుకుంది.

“అయితే సెడింది నా ఉమ్మి కాదు, ఆల లెక్క.”

“అవునత్తా.”

“ఆ మాట ఆలకి తెలాలంటే నా నెత్తురు గావాల.”

“ఇవ్వకపోతే పోనీ అత్తా.”

“ఎందుకు పోనిత్తాను? నలుగుర్లో అన్నారు. పద, నెత్తురు కూడా పనికిరాదంతారేటో సూద్దాం.”

మావ పోయాక ఎన్ని రకాలుగా బతిమాలినా లేవని చెయ్యి, ఆ ఒక్క మాటతో టెక్కలి ఆసుపత్రి బల్ల మీదికి వచ్చింది. సూది గుచ్చుతున్నప్పుడు కళ్లు మూసుకుని నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగాయి.

కిడ్నీలు దెబ్బతినడం మొదలైందన్నారు. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు, నొప్పి మాత్రలు ఆ రోజు నుంచే మానేయాలి, క్రమం తప్పకుండా చూపించుకోవాలి అన్నారు. పనికిరాదన్న మాటకు తలూపి ఊరుకుంటే, ఆ మాత్రలు ఇంకా మింగుతూనే ఉండేది.

ఆమె వెళ్లిందని తెలిసి వీధిలో మిగతా ముసలమ్మలూ రక్తం ఇవ్వడానికి బయలుదేరారు. తర్వాత, అడ్డపొగ తాగేవాళ్లను వేరుగా పోల్చడానికి మళ్లీ ఉమ్మి పట్టుకుంటామని అదే బృందం ఊళ్లోకి వచ్చింది. వరండాలో అదే మనిషి, అదే టాబ్. ఈసారి ఆడవాళ్లను కూడా అడుగుతున్నాడు. చుట్ట ఎలా తాగుతారమ్మా అని మా అత్తనడిగాడు. ఆమె రొంటిన దోపుకున్న చుట్ట తీసి, వెలిగించి, నిప్పు లోపలికి పెట్టి పెదాలు మూసింది. అతను కుర్చీ వెనక్కి జరిపాడు.

“ఆ రోజు నాను సెప్తే నవ్వినావు కదా బాబూ” అన్నాను.

తనకు గుర్తు లేదన్నాడు.

మా అత్త చుట్ట తీసి, “నానూ నవ్వినాను. ఒగ్గీయే” అంది.

ఆమె విషయం ఆమె ఇష్టం. నేను ఒగ్గలేదు. అతను ఏం నొక్కుతున్నాడో కనిపించేలా అతని పక్కకు వెళ్లి నిలబడ్డాను. వరసలో చివరి ముసలమ్మ లేచి వెళ్లేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.